ఆందోళనకు అశ్వగంధ: ఆధారాలు ఎంతవరకు ఉన్నాయి?

శారద_నెల్లూరు

సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలికి కొన్ని నెలలుగా గుండెదడ, నిద్రలేమి, ఏదో కీడు జరగబోతోందన్న భయం ఎక్కువయ్యాయి. మానసిక వైద్యుణ్ణి కలిస్తే జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్ అని నిర్ధారించి, ఎసిటాలోప్రామ్ రాసి, కౌన్సెలింగ్‌కు కూడా రమ్మన్నారు. మందు మొదలుపెట్టి ఎక్కువ రోజులు కాలేదు. ఈలోగా మా పిన్ని, బాబాయి "ఆ నిద్రమాత్రలకు అలవాటు పడితే జీవితాంతం వదలవు, అశ్వగంధ పాలలో కలుపుకుని తాగితే చాలు, వేల ఏళ్లుగా మనవాళ్లు వాడుతున్నదే కదా" అని పట్టుబడుతున్నారు. ఒక సీసా మాత్రలు కొని పంపించారు కూడా. చెల్లెలికి థైరాయిడ్ తక్కువగా ఉన్నందున రోజూ ఉదయం థైరాక్సిన్ మాత్ర వేసుకుంటుంది.

నాకు మూలికావైద్యం మీద చిన్నచూపు ఏమీ లేదు. అయితే ఇంటర్నెట్‌లో వెతికితే ఒక పక్క "శాస్త్రీయంగా రుజువైంది" అన్న ప్రకటనలు, మరో పక్క "అంతా మోసం" అన్న వాదనలు తప్ప, మనుషుల మీద పద్ధతి ప్రకారం జరిపిన పరిశోధనలు ఏం తేల్చాయో వివరంగా చెప్పేవారు దొరకలేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మనోవైద్య_కాకినాడ

శారద గారూ, ముందుగా మందు సంగతి. ఎసిటాలోప్రామ్ నిద్రమాత్ర కాదు. అలవాటు పడతారన్న భయం అల్ప్రజోలామ్ వంటి మాత్రల విషయంలో సబబే కానీ, ఇది ఆ కోవకు చెందదు. దీని గుణం పూర్తిగా తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో కొందరికి వికారం, దడ కాస్త పెరిగినట్టు కూడా ఉంటుంది, సరిగ్గా ఆ వారంలోనే అయినవాళ్ల మాట విని మానేసేవారు మా దగ్గరకు తరచుగా వస్తుంటారు. వాడుతున్నదాన్ని ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు పాకినట్టు ఉండడం వంటివి రావచ్చు కనుక, ఏ నిర్ణయమైనా రాసిన వైద్యుడితో మాట్లాడాకే తీసుకోవాలి.

ఇక అశ్వగంధ విషయానికి వస్తే, ఆధారాలు అసలే లేవనడం సరికాదు. 2000లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ఆండ్రాడే బృందం ఒక పరీక్షను ప్రచురించింది. ఆందోళన రుగ్మత నిర్ధారణ అయిన 39 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు అశ్వగంధ సారం, రెండో జట్టుకు చూడడానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో రోగులకూ తెలియదు, వైద్యులకూ తెలియదు. ఆరు వారాలయ్యాక చూస్తే, ముందుగానే నిర్ణయించుకున్న మెరుగుదల ప్రమాణాన్ని అశ్వగంధ జట్టులో 88.2 శాతం మంది, ఉత్తుత్తి మాత్ర జట్టులో 50 శాతం మంది అందుకున్నారు. తేడా గణనీయమైనదే. అయితే రెండు జట్లలోనూ చివరిదాకా సమాచారం దొరికినవారు సుమారు 85 శాతమే, అంటే జట్టుకు ఇరవై మంది కూడా లేరు.

తర్వాత ఎక్కువగా ఉదహరించేది మన హైదరాబాదులో జరిగినదే. బంజారాహిల్స్‌లోని ఆశా హాస్పిటల్ వైద్యులు 2012లో ప్రచురించిన ఆ పరీక్షలో దీర్ఘకాలిక ఒత్తిడి ఉన్న 64 మందికి 60 రోజుల పాటు, రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాముల అశ్వగంధ వేరు సారం గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చారు. ఒత్తిడిని కొలిచే ప్రశ్నావళిలో సారం తీసుకున్నవారి స్కోరు 44 శాతం తగ్గగా, రెండో జట్టులో 5.5 శాతమే తగ్గింది. రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను 27.9 శాతం తగ్గింది, రెండో జట్టులో 7.9 శాతం. మార్కెట్‌లో ఏ సీసా మీద చూసినా కనిపించే "కార్టిసాల్ తగ్గిస్తుంది" అన్న మాటకు ఇటువంటి పరీక్షలే ఆధారం.

ఈ రెండింటి మధ్య ఒక తేడా గమనించండి. మొదటి పరీక్షలో పాల్గొన్నది రోగ నిర్ధారణ జరిగిన ఆందోళన రోగులు. రెండోదానిలో పాల్గొన్నది ఒత్తిడితో ఉన్నవారు. ఒత్తిడి వేరు, ఆందోళన రుగ్మత వేరు. ఇప్పటివరకు వచ్చిన పరీక్షలలో ఎక్కువ భాగం రెండో తరహావే, మీ చెల్లెలి పరిస్థితి మొదటి తరహాది.

ఆయుర్వేదం_తిరుపతి

శారద గారికి నమస్కారం. ఆయుర్వేద వైద్యుడిగా రెండు మాటలు చెప్పదలిచాను.

"వేల ఏళ్లుగా వాడుతున్నదే" అన్న మాట నిజమే కానీ, ఎందుకోసం వాడారన్నది కూడా అడగాలి. చరక సంహితలో అశ్వగంధ బల్య, బృంహణీయ వర్గాలలో కనిపిస్తుంది, అంటే బలాన్నిచ్చేది, కండ పట్టించేది. భావప్రకాశం దాన్ని వాత కఫాలను, బొల్లిని, వాపును, క్షయాన్ని హరించేదిగా, రసాయనంగా (ఒంటికి పుష్టినిచ్చే ఔషధంగా), శుక్రవృద్ధి చేసేదిగా వర్ణించింది. బుద్ధికీ మనసుకూ సంబంధించి చరకుడు ప్రత్యేకంగా చెప్పిన నాలుగు మేధ్య రసాయనాలు మండూకపర్ణి, యష్టిమధు, గుడూచి, శంఖపుష్పి. ఆ నాలుగింటిలో అశ్వగంధ లేదు. వాతహరం గనుక నిద్రకు, చిత్తస్థైర్యానికి పరోక్షంగా తోడ్పడుతుందని మేము వాడుతున్న మాట వాస్తవమే, నా అనుభవంలో చాలామందికి మేలు కూడా జరిగింది. కానీ జనరలైజ్డ్ యాంగ్జయిటీకి ఇది వేల ఏళ్ల నాటి మందు అని ఎవరైనా అంటే, మా గ్రంథాలలో ఆ మాటకు నేరుగా ఆధారం చూపలేను.

ఇంకో సంగతి. మేము ఇచ్చేది అశ్వగంధ వేరును పొడి చేసిన చూర్ణం, రోజుకు 3 నుంచి 6 గ్రాములు, ఎక్కువగా పాలతో కలిపి. అది కూడా రోగి ప్రకృతిని, అగ్నిబలాన్ని (జీర్ణశక్తిని) చూసి ఇస్తాము. ఆకలి మందగించినవారికి, కఫం పేరుకున్నవారికి ఇదే మందు బరువు చేస్తుంది. కనుక ఆ పరీక్షలు బాగా వచ్చినా, విఫలమైనా, మా చికిత్సా పద్ధతి మొత్తానికి అది తీర్పు కాదు. అలాగే ఆ పరీక్షల ఫలితాన్ని తెచ్చి ఇంట్లో పాలలో కలుపుకునే చూర్ణానికి అంటగట్టడం కూడా కుదరదు.

సంఖ్యాశాస్త్రం_వరంగల్

ఆయుర్వేదం గారు చెప్పిన చివరి మాట ఈ చర్చకు కీలకమని నా అభిప్రాయం. పరీక్షలలో వాడిన సారాలు ఒకదానికొకటి పోలిక లేనివి. హైదరాబాదు పరీక్షలో వాడింది కేఎస్ఎం-66 అనే వేరు సారం, రోజుకు 600 మిల్లీగ్రాములు. 2019లో మెడిసిన్ పత్రికలో లోప్రెస్టి బృందం ప్రచురించినదానిలో 60 మందికి వాడింది షోడెన్ అనే మరో సారం, రోజుకు 240 మిల్లీగ్రాములు. ఆ పరీక్షలో వైద్యుడు ప్రశ్నించి వేసే, ఆందోళనను కొలిచే హామిల్టన్ స్కోరులో తేడా కనిపించింది, కానీ పాల్గొన్నవారు స్వయంగా నింపే మరో ప్రశ్నావళిలో తేడా గణాంకపరంగా రుజువయ్యే స్థాయికి చేరలేదు. ప్రచారాలలో ఈ రెండో సగం కనిపించదు.

మొత్తంగా చూస్తే 2022లో వచ్చిన ఒక మెటా విశ్లేషణ 12 పరీక్షలను, 1002 మందిని కలిపి లెక్కించి, ఆందోళన, ఒత్తిడి రెండూ తగ్గినట్టు తేల్చింది. అయితే ఆ ఆధారాల విశ్వసనీయత తక్కువ స్థాయిలో ఉందని ఆ రచయితలే రాశారు. విశ్వసనీయత తక్కువ అంటే మందు పనిచేయదని అర్థం కాదు. రేపు ఒక పెద్ద పరీక్ష జరిగితే ఈ అంకెలు బాగా మారిపోయే అవకాశం ఉందని దాని అర్థం.

నాకు కలిగే సందేహాలలో మొదటిది, ఎవరికి ఏ మాత్ర అందుతోందో తెలియకుండా దాచడం నిజంగా సాధ్యమైందా అన్నది. అశ్వగంధ వేరుకు ఒక ఘాటైన వాసన, చేదు, వగరు ఉంటాయి. క్యాప్సూల్‌లో పెట్టినా తేన్పులో ఆ వాసన తెలిసినవారు తమకు అసలు మందే అందుతోందని ఊహించగలరు. ఆందోళన వంటి, రోగి మాట మీదే కొలత ఆధారపడే సమస్యలో ఆ ఊహ ఒక్కటే స్కోరును కదిలించగలదు. 2000 నాటి పరీక్షలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలోనే సగం మంది మెరుగయ్యారని మరిచిపోకూడదు. పాల్గొన్నవారిని చివర్లో "మీకు ఏది ఇచ్చారనుకుంటున్నారు" అని అడిగి ఆ సమాధానాలను ప్రచురించాలి. రెండో సందేహం, చాలా పరీక్షలకు సారం తయారుచేసే సంస్థలే ఖర్చు భరించాయి. మూడోది, దాదాపు అన్నీ ఆరు నుంచి పన్నెండు వారాలలో ముగిశాయి. ఆందోళన రుగ్మత ఏళ్ల తరబడి ఉండేది.

కెనడాలో జరిగి 2009లో వచ్చిన ఒక పరీక్షను కూడా కొందరు పెద్ద రుజువుగా చూపుతారు. అందులో అశ్వగంధతో పాటు ఆహార సలహాలు, శ్వాస అభ్యాసం, మల్టీవిటమిన్ అన్నీ కలిపి ఇచ్చారు. వచ్చిన మేలులో అశ్వగంధ వాటా ఎంతో దాన్నుంచి విడదీయడం ఎవరి తరమూ కాదు.

రఘు_ఖమ్మం

అందరూ పెద్దలే, అయినా ఒక మాట అడుగుతాను. చదువు పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో నేను అశ్వగంధ వాడాను, నిద్ర బాగా పట్టింది, మనసు కుదుటపడింది. నాలాంటివారు లక్షల్లో ఉన్నారు. ఇంగ్లీషు మందుల పరీక్షలకు కంపెనీలే డబ్బు పెడతాయి, వాటిని నమ్ముతాము. మన వేరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎందుకు ఇన్ని అనుమానాలు?

సంఖ్యాశాస్త్రం_వరంగల్

రఘు గారూ, మీ ప్రశ్న న్యాయమైనది, కంపెనీ సొమ్ముతో జరిగిన పరీక్షను ఏ వైద్యంలోనైనా అనుమానంతోనే చదవాలి. తేడా ఎక్కడ వస్తుందంటే, ఎసిటాలోప్రామ్ వంటి మందు అమ్మకానికి రావాలంటే వందలాది రోగుల మీద జరిగిన పరీక్షల సమాచారాన్ని నియంత్రణ సంస్థలకు సమర్పించాలి, వాళ్లు దాన్ని తిరిగి లెక్కగట్టి చూస్తారు. ఆ తర్వాత కంపెనీకి సంబంధం లేని పరిశోధకులు కూడా దాన్ని పరీక్షిస్తారు. ప్రతికూలంగా వచ్చిన ఫలితాలను తొక్కిపెట్టిన సందర్భాలు ఆ రంగంలోనూ ఉన్నాయి, వాటిని బయటపెట్టిందీ ఇటువంటి అనుమానమే. అశ్వగంధకు మనం అడుగుతున్నది అంతకంటే కఠినమైన ప్రమాణం కాదు. మన నేల మీద పండే వేరును మన ప్రభుత్వ సంస్థలే వెయ్యి మంది మీద, ఏడాది పాటు పరీక్షిస్తే నాకంటే సంతోషించేవారు ఉండరు.

మీకు మేలు జరిగిందన్నదాన్ని నేను కాదనను. పరీక్షలు అయిపోతే ఆ ఒత్తిడి సహజంగానే దిగిపోతుంది గనుక, అందులో వేరు పాత్ర ఎంతో మీ ఒక్కరి అనుభవం నుంచి తేల్చలేమంటున్నాను.

పెన్నేరు_అనంతపురం

నేను డాక్టరును కాను, పెన్నేరు (అశ్వగంధకు మా వాడుక పేరు) పండించే రైతును. మా అనంతపురం, కర్నూలు జిల్లాల్లో ఈ పంట చాలామంది వేస్తారు. శారద గారి చెల్లెలు వాడబోయే సీసాలో ఏముందో తెలుసుకోవాలంటే పొలం దగ్గర నుంచి చూడాలని రాస్తున్నాను.

వానాకాలంలో చల్లితే ఐదారు నెలలకు ఆకులు ఎండి, కాయలు ఎర్రబడతాయి. అప్పుడు మొక్కను వేరుతో సహా పీకి, తలకాయ దగ్గర కోసి, వేరును వేలెడు ముక్కలు చేసి ఎండబెడతాము. ఎండాక కర్రతో మెల్లగా కొడితే అంటుకున్న మన్ను, సన్నటి పీచు వేర్లు రాలిపోతాయి. తర్వాత గ్రేడు చేస్తాము. లావుగా, నున్నగా ఉండి, విరిస్తే పుటుక్కున విరిగి లోపల తెల్లగా కనిపించేది మొదటి రకం. సన్నగా, పీచుగా, లోపల పసుపు రంగు తిరిగినది చివరి రకం, దాని ధర చాలా తక్కువ. పెద్ద మార్కెట్ మధ్యప్రదేశ్‌లోని నీమచ్‌లో ఉంది, ధర అక్కడే తేలుతుంది.

వేరు తీసేశాక పొలంలో ఆకు, కాడ కుప్పలుగా మిగులుతాయి. ఆ ఆకును కూడా కొనుక్కుపోయేవారు వస్తారు, దానికి ఇచ్చేది నామమాత్రపు ధర. పొడి చేశాక వేరెంతో ఆకెంతో కంటికి తెలియదు. వేరని రాసి ఉన్న సీసాలో నిజంగా వేరు మాత్రమే ఉందా అన్నది కొనేవారు తప్పకుండా అడగవలసిన ప్రశ్న. కష్టపడి మొదటి రకం పండించే రైతుకు కూడా ఈ కల్తీ వల్ల నష్టమే.

ఫార్మసీ_డాలస్

అనంతపురం రైతు గారు చెప్పింది చాలా విలువైన సమాచారం. ఆకుల్లో విథాఫెరిన్-ఎ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది, అది కణాలకు హాని చేయగలదని ప్రయోగశాలల్లో తెలిసినదే. విథనోలైడ్ల (అశ్వగంధలో పనిచేసే పదార్థాల) శాతం ఎక్కువ చూపించడానికి సారంలో ఆకు కలపడం పరిశ్రమలో ఉన్నదే. అందుకే 2021 అక్టోబరులో మన ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆకులు వాడవద్దని, సంప్రదాయంలో వాడుతున్నది వేరునేనని తయారీదారులకు సూచన జారీ చేసింది.

నేను పనిచేసే మందుల దుకాణంలో మన తెలుగువాళ్లు అశ్వగంధ గమ్మీల గురించి అడగని రోజు ఉండదు. ఇక్కడ ఇవి ఆహార సప్లిమెంట్ల కింద అమ్ముడవుతాయి, అమ్మకానికి ముందు ప్రభుత్వ ఆమోదం అక్కరలేదు. సహజమైనది గనుక హాని చేయదన్న నమ్మకంతో వచ్చేవారికి నేను కాలేయం గురించి తప్పకుండా చెబుతాను. 2020లో ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు కలిసి ఐదుగురి వివరాలు ప్రచురించారు. అశ్వగంధ మొదలుపెట్టిన రెండు నుంచి పన్నెండు వారాలలో వారికి కామెర్లు, విపరీతమైన దురద వచ్చాయి. నలుగురికి కాలేయ పరీక్షలు ఒకటి నుంచి ఐదు నెలల్లో మామూలు స్థితికి వచ్చాయి, ఐదో వ్యక్తి వివరం తర్వాత తెలియలేదు. 2023లో భారతదేశం నుంచి వచ్చిన మరో నివేదికలో అశ్వగంధ ఒక్కటే ఉన్న మందులు వాడి కాలేయం దెబ్బతిన్న ఎనిమిది మంది ఉన్నారు. వారిలో ఐదుగురికి అప్పటికే దీర్ఘకాలిక కాలేయ వ్యాధి ఉంది, ముగ్గురు మరణించారు. కోట్ల మంది వాడుతున్న మూలికతో పోలిస్తే ఇవి అరుదైన సంఘటనలే. కానీ ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది. నా దృష్టిలో అది అతిజాగ్రత్తే, అయినా దానికి కారణమైన సందేహాలు కొట్టిపారేయదగినవి కావు.

శారద గారూ, మీ చెల్లెలి విషయంలో నాకు అంతకంటే ముఖ్యంగా తోచినది థైరాయిడ్. 2018లో, థైరాయిడ్ స్వల్పంగా మందగించిన 50 మంది మీద జరిగిన పరీక్షలో రోజుకు 600 మిల్లీగ్రాముల వేరు సారం ఎనిమిది వారాలలో టీ3, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్లను పెంచి, ఆ గ్రంథిని పనిచేయించే టీఎస్‌హెచ్‌ను తగ్గించింది. థైరాక్సిన్ ఇప్పటికే వాడుతున్న మనిషికి దాని మీద ఇది తోడైతే హార్మోను అవసరానికి మించిపోవచ్చు. అప్పుడు కనిపించే లక్షణాలు గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి, కంగారు. ఆందోళన ఎక్కువైందనుకుని ఇంకో మాత్ర అశ్వగంధ వేసుకునే ప్రమాదం ఉంది.

మనోవైద్య_కాకినాడ

డాలస్ మిత్రులు చెప్పినది ప్రతి మానసిక వైద్యుడూ గుర్తుంచుకోవలసిన విషయం. ఆందోళనతో వచ్చిన ఎవరికైనా మేము థైరాయిడ్ పరీక్ష రాయడానికి కారణం అదే.

ఇంకా రెండు విషయాలు చేర్చాలి. 2021లో ఇరాన్ నుంచి వచ్చిన ఒక చిన్న పరీక్షలో జనరలైజ్డ్ యాంగ్జయిటీ ఉన్న 40 మందికి, ఎసిటాలోప్రామ్ వర్గానికి చెందిన మందులు కొనసాగిస్తూనే, రోజుకు ఒక గ్రాము అశ్వగంధ వేరు సారం గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఆరు వారాలు ఇచ్చారు. అశ్వగంధ జట్టులో మెరుగుదల ఎక్కువగా ఉంది. అంటే ఉన్న ఆధారాలలో మీ చెల్లెలి పరిస్థితికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది కూడా అసలు మందుకు తోడుగా ఇచ్చి చూసినదే, దాని బదులుగా ఇచ్చినది కాదు. రెండోది, 2022లో జీవ మనోవైద్య సంఘాల ప్రపంచ సమాఖ్య, కెనడా నిపుణుల బృందం కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు. విథనోలైడ్లు 5 శాతం ఉండేలా ప్రమాణీకరించిన వేరు సారాన్ని రోజుకు 300 నుంచి 600 మిల్లీగ్రాముల మోతాదులో, ఈ రుగ్మతకు తాత్కాలికంగా సిఫారసు చేయవచ్చని అందులో ఉంది, ఇంకా సమాచారం కావాలని కూడా ఉంది. మా వృత్తిలో కొందరు దీన్ని పూర్తిగా తోసిపుచ్చడం నాకు సమ్మతం కాదు. నాడి దడదడలాడుతూ, ఇల్లు కదలలేని స్థితిలో ఉన్నవారికి వైద్యం మాన్పించి ఇది ఇవ్వడం అంతకన్నా సమ్మతం కాదు.

ఆయుర్వేదం_తిరుపతి

ఇంగ్లీషు మందు ఆపించి మూలిక మొదలుపెట్టించడం మా దగ్గర కూడా సరైన పద్ధతి కాదు. గర్భిణులకు, కాలేయ వ్యాధి ఉన్నవారికి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి నేను దీన్ని ఇవ్వను. మధుమేహానికి, రక్తపోటుకు, నిద్రకు మాత్రలు వాడేవారికి మోతాదు విషయంలో జాగ్రత్త తప్పదు.

నాణ్యత విషయంలో మా ఆయుర్వేద రంగం వారు కూడా బాధ్యత వహించాలి. 2008లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులలో ఐదో వంతు వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. అది అశ్వగంధ ఒక్కదాని గురించి కాకపోయినా, అప్పటి నుంచి నేను లోహాల పరీక్షా పత్రం చూపని తయారీదారు దగ్గర కొనడం మానేశాను.

శారద_నెల్లూరు

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. ఈ చర్చంతా చెల్లెలికి చదివి వినిపించాను. ఎసిటాలోప్రామ్ ఆపకూడదని తనే నిర్ణయించుకుంది, వచ్చే వారం వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ సీసాను వెంట తీసుకువెళ్తానంది. పిన్నికి కూడా డాలస్ మిత్రులు రాసిన థైరాయిడ్ భాగం చదివి వినిపిస్తే, "ఆ సంగతి మాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారు. చివరిగా ఒక ప్రశ్న. వైద్యుడు సరేనంటే, సీసా మీద ఏమేం చూసుకోవాలి, ఏ పరీక్షలు ఎప్పుడు చేయించాలి?

ఫార్మసీ_డాలస్

వేరు మాత్రమే వాడినట్టు స్పష్టంగా రాసి ఉండాలి. "అశ్వగంధ" అని ఊరుకున్నా, "మొక్క సారం" అని రాసినా పక్కన పెట్టండి. ఒక్కో మాత్రలో ఎన్ని మిల్లీగ్రాముల సారం, విథనోలైడ్లు ఎంత శాతం, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉండాలి. బ్రాహ్మి, జటామాంసి, మెలటోనిన్ అన్నీ కలిపిన మిశ్రమమైతే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు దేనివల్లో తెలియదు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే అది కూడా వైద్యుడికి చెప్పమనండి, దానివల్ల థైరాయిడ్ పరీక్ష ఫలితాలు తారుమారు కావచ్చు.

మనోవైద్య_కాకినాడ

మొదలుపెట్టే ముందే ఒకసారి టీఎస్‌హెచ్, కాలేయ పరీక్షలు చేయిస్తే తర్వాత పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. మళ్లీ ఆరు నుంచి ఎనిమిది వారాలకు రెండూ చేయించండి. ఈ మధ్యలో ఒళ్లంతా దురద, మూత్రం ముదురు రంగులోకి మారడం, కళ్లు పచ్చబడడం, అన్నం సహించకపోవడం, వీటిలో ఏది కనిపించినా అశ్వగంధ వెంటనే ఆపి వైద్యుణ్ణి కలవాలి. అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు. ఆందోళన భరించలేనంతగా పెరిగిన రాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వ టెలిమానస్ సేవ, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు.

థైరాక్సిన్ ఎప్పటిలాగే పరగడుపున నీళ్లతో వేసుకోవాలి. ఉదయం దాన్ని మింగిన వెంటనే పాలలో చూర్ణం కలుపుకుని తాగితే పాలలోని కాల్షియం ఆ మాత్రను ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు. రక్తపరీక్ష రోజున మాత్రం రక్తం ఇచ్చి వచ్చాకే ఆ మాత్ర వేసుకోమనండి.